సముద్రపు బురదలో నగిషీ పని

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా, ఎల్బీనగర్ దాటి విజయవాడ వైపు పోయే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. అది పోయి పోయి మచిలీపట్నంలో ఆగుతుంది. అంటే మా సందు మలుపులో నిలబడితే, ఎదురుగా ఉన్న రోడ్డుకు తూర్పు కొసన సముద్రం ఉన్నట్టే. ఇన్నేళ్ళుగా ఇక్కడి కోచింగ్ క్లాసుల్లో జువాలజీ చెబుతున్నా ఈ సంగతి నాకు తట్టింది మొన్న వేసవిలోనే. మచిలీపట్నం నుంచి రాత్రి బస్సులో వచ్చి, తెల్లవారుజామున ఎల్బీనగర్ చౌరస్తాలో దిగాను. చేతిసంచిలో ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో మంగినపూడి ఒడ్డు నుంచి తెచ్చిన నల్లటి బురద గుప్పెడు.

మంగినపూడిది ఇసుక తీరం కాదు. నల్లరేగడిలాంటి మెత్తటి మట్టి, కాలు పెడితే మడమ దిగబడుతుంది. పైన బూడిదరంగు పొర పల్చగా ఉంటుంది. వేలితో గీరితే కింద నలుపు, దాన్నుంచి కుళ్ళిన గుడ్డు వాసన. ఆ వాసన గంధకపు వాయువుది. ఆక్సిజన్ అందని చోట బాక్టీరియా చేసే పని అది. చాలామంది ముక్కు మూసుకుని పక్కకు తప్పుకునే ఆ నల్లపొర అంచునే నేను వెతుక్కుంటూ వెళ్ళిన పురుగులు కాపురముంటాయి.

ఆ పురుగుల వర్గం పేరు నెమటోడా. ఆ పేరు వినగానే మన పిల్లలకు గుర్తొచ్చేది ఏలికపాము. ఇంకొంచెం తెలిసినవాళ్ళకు బడిలో ఆల్బెండజోల్ మాత్ర మింగించే నులిపురుగుల రోజు గుర్తొస్తుంది. టమాటా వేసే రైతుకైతే వేళ్ళ మీద బుడిపెలు. ఈ వర్గం పేరు మనకు ఎప్పుడూ రోగంతో కలిసే వినిపించింది. నేనూ అలాగే చెప్పాను, బోర్డు మీద ఆస్కారిస్, అంటే ఏలికపాము బొమ్మ గీసి, కుడి పక్కన రోగలక్షణాలు రాసి. కానీ ఈ వర్గంలో ఎవరి ఒంట్లోనూ దూరకుండా, ఎవరి వేరునూ కొరకకుండా, సముద్రపు అడుగు బురదలో స్వేచ్ఛగా బతికేవి వేల జాతులున్నాయి. ఇప్పటివరకు పేరు పెట్టినవే సుమారు 7 వేలు. ఒక చదరపు మీటరు తీరపు బురదలో పది లక్షలు ఉండటం మామూలు విషయం. బురదలో కంటికి ఆనని చిన్న జంతువులను ఏరి లెక్కపెడితే, నూటికి 70 నుంచి 90 వరకు ఇవే తేలుతుంటాయి. వాటి పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

ముందు వాటిని బురదలోంచి బయటికి తీయాలి. బురదను ఒడ్డు మీదే 5 శాతం ఫార్మలిన్‌లో ఉంచి తెస్తాం. ఇంటికొచ్చాక 500 మైక్రాన్ల జల్లెడలో కడిగితే గవ్వలు, పుల్లలు పైన మిగులుతాయి. దాని కింద 63 మైక్రాన్ల జల్లెడ ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ రెండో జల్లెడలో నిలిచినదే మనకు కావలసిన సరుకు. రోజ్ బెంగాల్ అనే రంగు వేస్తే జంతువులన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి, మట్టి మట్టిలాగే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కొక్క పురుగునూ సన్నగా చెక్కిన వెదురు పుల్ల మొనతో ఎత్తి, నెమ్మదిగా గ్లిజరిన్‌లోకి మార్చాలి. తొందరపడితే పురుగు నలిగి ముడుచుకుపోతుంది. రోజులు పట్టే పని ఇది.

సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి, ఆదివారాలు వచ్చి నా పక్కన కూర్చుంటుంది. మొదటి స్లైడు చూపించినప్పుడు చాలాసేపు కళ్ళు చికిలించి చూసి, "ఇవన్నీ ఒక్కతీర్గనే ఉన్నయ్ గద సార్, దారప్పోగుల లెక్క" అంది. ఈ వర్గానికి పేరు పెట్టినవాళ్ళకూ దారమే తట్టింది. గ్రీకులో నేమా అంటే దారం. ఆ అమ్మాయి చూసినదాంట్లో తప్పేమీ లేదు. ఇంకొంచెం దగ్గరికి వెళ్ళాలి, అంతే.

ఇదే రోడ్డు మీద చౌటుప్పల్ దాకా వెళ్ళి పక్కకు తిరిగితే పోచంపల్లి. అక్కడ నేతన్నలు దారాన్ని మగ్గం ఎక్కించకముందే ముడులు కట్టి రంగులు అద్దుతారు. చీర నేశాక కనిపించే పువ్వంతా ముందే దారం మీద ఉంటుంది, చూడటం తెలిసినవాళ్ళకు ఆ దారంలోనే చీర కనిపిస్తుంది. ఈ పురుగుల సంగతీ అంతే. నగిషీ అంతా దారం మీదే ఉంది.

మొదట లోపలి కట్టడం చూద్దాం, ఎందుకంటే అది అన్నింటికీ ఒక్కటే. గొట్టంలో గొట్టం. బయటి గొట్టం ఒంటి గోడ, లోపలి గొట్టం పేగు, మధ్యలో ఒత్తిడితో నిండిన ద్రవం. ఒంటి గోడలో కండరాలున్నాయి, కానీ అన్నీ నిలువుగా, తల నుంచి తోకకు పరిచినవే. వానపాముకు ఉన్నట్టు ఒంటి చుట్టూ తిరిగే కండరాలు వీటికి లేవు. మరి పొట్టిగా ముడుచుకున్న కండరాన్ని తిరిగి సాగదీసేది ఎవరు? లోపలి ద్రవపు ఒత్తిడి, పైనున్న గట్టి చర్మం కలిసి సాగదీస్తాయి. ఆ చర్మాన్నే పుస్తకాల్లో అవభాసిని అంటాం, మాటల్లో క్యూటికిల్. పొట్ట వైపు కండరం బిగిస్తే వీపు వైపు సాగుతుంది, వీపు వైపు బిగిస్తే పొట్ట వైపు. అందుకే ఇది పాములా కుడిఎడమలకు మెలికలు తిరగదు, వీపు నుంచి పొట్టకు మెలికలు తిరుగుతుంది. అలా కదలాలంటే ఒక పక్కకు ఒరిగి పడుకోవాలి. జీవితమంతా పక్కకు ఒరిగే ఉంటుంది. గాజు పలక మీదా అలాగే ఒరుగుతుంది. పక్కనున్న అవయవాలు మన కంటికి ఎదురుగా రావడం మనకు దాని వల్ల కలిగిన మేలు.

ఈ కట్టడంలో నన్ను ఎప్పటికీ వదలని సంగతి ఒకటుంది. మన ఒంట్లో నరం కండరం దగ్గరికి నడిచి వెళుతుంది. నెమటోడులో కండర కణమే ఒక చేయి చాపి నరం దగ్గరికి వెళుతుంది. వీపున ఒక నరం, పొట్టన ఒక నరం నిశ్చలంగా ఉంటే, నాలుగు వైపుల నుంచీ కండరాలు చేతులు చాపి వాటిని తాకి కబురు తీసుకుంటాయి. ఈ బొమ్మను బోర్డు మీద గీసిన ప్రతిసారీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

రెండోది గొంతు. గ్రసని అంటాం. ఒంట్లో అంత ఒత్తిడి ఉంటే, నోరు తెరవగానే తిన్నదంతా బయటికి చిమ్మాలి. అలా జరగకుండా గ్రసనిని గట్టి కండరపు పంపుగా కట్టారు. లోపలి దారి గుండ్రంగా కాకుండా మూడు రెక్కల చీలికలా ఉంటుంది. కండరాలు బిగిసినప్పుడు ఆ మూడు రెక్కలూ విచ్చుకుని ఆహారాన్ని లోపలికి లాగుతాయి, వదిలేయగానే మూసుకుంటాయి. పేగు మొదట్లో ఉన్న కవాటం వెనక్కి రానివ్వదు. వలయ కండరాలు లేని లోటును ఒత్తిడి తీర్చింది, ఒత్తిడి తెచ్చిన చిక్కును గ్రసని తీర్చింది. ఒక భాగాన్ని తీసేసి ఇంకో భాగాన్ని అర్థం చేసుకోలేం.

కట్టడం అందరికీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? తలలో, నోట్లో, చర్మం మీద, తోకలో.

తల మీద మూడు వలయాల్లో జ్ఞానాంగాలుంటాయి. పెదవుల లోపలి వరుసలో ఆరు, బయటి వరుసలో ఆరు, వాటి వెనక నాలుగు. మొత్తం 16. కొన్నింట్లో ఇవి చిన్న బొడిపెలు, కొన్నింట్లో పొడుగాటి ముళ్ళలాంటి వెంట్రుకలు. కొన్ని కుటుంబాల్లో రెండో వరుస ఆరూ, మూడో వరుస నాలుగూ కలిసిపోయి పదింటి ఒకే కిరీటంలా కనిపిస్తాయి. ఈ లెక్క వేయకుండా ఏ నెమటోడునూ గుర్తుపట్టలేం. పెదవుల అంచు వెడల్పే పది పదిహేను మైక్రాన్లు. ఆ జాగాలో ఇంత కచ్చితమైన అమరిక.

తలకు రెండు పక్కలా ఒక్కో ఆంఫిడ్ ఉంటుంది. నీళ్ళలోని రసాయనాల జాడ పట్టే అవయవం ఇది, మన భాషలో ముక్కు అనుకోవచ్చు. నా స్లైడులోని మూడో పురుగు దగ్గర ఆగి, నూనె చుక్క వేసి 100 రెట్ల లెన్సు దించాను. ఫోకస్ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే మొదట చర్మం కనిపించింది, దాని మీద వరుసలు తీరిన చుక్కలు. ఇంకొంచెం తిప్పగానే ఆ చుక్కల మధ్య ఒక గీత లేచింది. అది వంపు తిరిగి, లోపలికి చుట్టుకుని, మళ్ళీ చుట్టుకుని, రెండున్నర చుట్ల దగ్గర ఆగింది. జిలేబీ చుట్టేవాడి చేయి కూడా అంత సమంగా తిరగదు. పక్కకు ఒరిగి పడుకున్న పురుగు కాబట్టి ఆ చుట్ట సరిగ్గా నాకు ఎదురుగా ఉంది.

ఆంఫిడ్ ఆకారం ఈ పురుగుల వంశం చెప్పే మొదటి ఆనవాలు. ఎనోప్లిడా అనే క్రమంలో అది చర్మం లోపలికి కుట్టిన జేబులా ఉంటుంది, బయటికి నోరు మాత్రమే కనిపిస్తుంది. మాన్‌హిస్టెరిడా క్రమంలో చక్కని గుండ్రటి బిళ్ళ. కోమెసోమాటిడే కుటుంబంలో పలు చుట్ల సర్పిలం. బురదలో విరివిగా ఉండే టెర్షెలింజియా అనే ప్రజాతికి గుండ్రటి ఆంఫిడ్ దాదాపు తల కొనకే అంటుకున్నట్టుంటుంది. నోరు మాత్రం ఉందా లేదా అన్నంత చిన్నది.

నోరు చూస్తే తిండి తెలుస్తుంది. 1953లో వోల్ఫ్‌గాంగ్ వీజర్ అనే శాస్త్రజ్ఞుడు చిలీ తీరం నుంచి వచ్చిన పురుగులను చూస్తూ ఈ మాట పట్టుకున్నాడు. నోటి గది లేనట్టే ఉంటే బాక్టీరియాలాంటి సన్నని తిండి. పళ్ళు లేని గిన్నెలాంటి నోరయితే బురదలో దొరికిందల్లా. చిన్న పళ్ళుంటే రేణువుల మీద పాకిన నాచును గీరి తినేవి. పెద్ద పళ్ళూ దవడలూ ఉంటే వేటాడేవి. తిండి అలవాట్లు అంత సూటిగా విడిపోవని తర్వాత తేలింది. అయినా ఈ నాలుగు గుంపుల లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది, ఎందుకంటే చచ్చిన పురుగు నోరు చూసి బతికిన బతుకును ఊహించే దారి అది. ఆంకోలైమస్ అనే ప్రజాతి నోరు చూస్తే ఈ సంగతి పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. పీపాలాంటి గట్టి గోడల గది, అందులో మూడు పళ్ళు, మూడింట్లో ఒకటి మిగతా రెండింటి కన్నా పెద్దది.

ఇక చర్మం మీద పని. కొన్నింటికి నున్నగా ఉంటుంది, కొన్నింటికి గాజుల వరుసలా కంకణాలు, కొన్నింటికి చుక్కల ముగ్గు. డెస్మోస్కోలెక్స్ అనేది బయటి మట్టి రేణువులను తన జిగురుతో కలిపి ఒంటి చుట్టూ మందపాటి కట్లు కట్టుకుంటుంది. ఆ కట్ల నుంచి బయటికొచ్చిన జంట వెంట్రుకల మీద నడుస్తుంది. డ్రాకోనీమాటిడే కుటుంబంలోవి తల దగ్గరా, వెనకా అంటుకునే గొట్టాలతో ఒక కొస పట్టి, ఇంకో కొస వదిలి, జలగలా అడుగులు వేస్తాయి. మెలికలు తప్ప వేరే నడక తెలియని వంశంలో పుట్టి ఇవి కాళ్ళ లోటు తీర్చుకున్నాయి.

అన్నిటికన్నా ఆశ్చర్యం స్టిల్బోనెమాటినే ఉపకుటుంబం. వీటి చర్మం మీద గంధకాన్ని వాడుకుని బతికే బాక్టీరియా పొర ఉంటుంది. లాక్సస్ అనే ప్రజాతిలో ఆ బాక్టీరియా కడ్డీలు ఒక్కొక్కటీ ఒక కొసతో చర్మానికి అంటుకుని, నిటారుగా, సందు లేకుండా నిలబడతాయి. బాక్టీరియా కడ్డీ మామూలుగా అడ్డంగా తెగి రెండవుతుంది. ఇక్కడ మాత్రం నిలువునా చీలి రెండవుతుంది. అలా చీలితేనే రెండు పిల్లలకూ పురుగు చర్మం మీద పట్టు దక్కుతుంది. ఆ పురుగు ఆక్సిజన్ ఉన్న పై పొరకూ, గంధకం ఉన్న కింది పొరకూ మధ్య తిరుగుతూ తన ఒంటి మీది తోటకు రెండూ అందిస్తుంది.

తోకలో మూడు జిగురు గ్రంథులుంటాయి, వాటి దారి తోక కొనలోని సన్నటి రంధ్రానికి. అల వచ్చినప్పుడు పురుగు తోక కొనను రేణువుకు అంటించి నిలబడుతుంది, కదలాలనుకున్నప్పుడు వదిలించుకుంటుంది. అలలు కొట్టే తీరంలో పిడికెడు ఇసుక తీసి కడిగితే పురుగులు సులువుగా రాకపోవడానికి కారణం ఇదే. అందుకే కొందరు ముందు మెగ్నీషియం క్లోరైడ్ నీళ్ళతో వాటికి మత్తిస్తారు.

చివరిది మగ పురుగు గుట్టు. తోక మొదట్లో రెండు వంగిన ముళ్ళు, స్పిక్యూల్స్ అంటారు. వాటి వెనక వాటిని నడిపించే ఒక చిన్న పలక. వాటికి ముందు, పొట్ట మీద బొత్తాల వరుసలా సన్నటి అనుబంధ రంధ్రాలు. స్పిక్యూల్ పొడవు ఎంత, వంపు ఎంత, కొన సూదిగా ఉందా మొద్దుగా ఉందా, బొత్తాలు ఎన్ని అన్నవి తెలియకుండా చాలా ప్రజాతుల్లో జాతి పేరు చెప్పలేం. ఆడ పురుగు ఎన్ని దొరికినా మగది ఒక్కటి దొరికేదాకా నిరీక్షణే.

కొలతల్లో డచ్చి శాస్త్రజ్ఞుడు డీ మాన్ పెట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మొత్తం పొడవును వెడల్పుతో భాగిస్తే ఎ, గ్రసని పొడవుతో భాగిస్తే బి, తోక పొడవుతో భాగిస్తే సి. నా మూడో పురుగు పొడవు 1800 మైక్రాన్లు, వెడల్పు 45, గ్రసని 180, తోక 200. ఎ 40, బి 10, సి 9. అంటే అది తన వెడల్పుకు నలభై రెట్లు పొడుగు. మూడు అంకెల్లో ఒక ఒళ్ళు రూపు కట్టేసింది.

ఈ గుర్తులన్నిటినీ పట్టుకుని వంశవృక్షం కట్టడం వేరే పని. దాంట్లో పెద్దవాళ్ళు కూడా దారి మార్చుకున్నారు. 1930లలో చిట్‌వుడ్ అనే శాస్త్రజ్ఞుడు తోక దగ్గర ఫాస్మిడ్ అనే గ్రాహక రంధ్రాలున్నవి, లేనివి అని వర్గాన్ని రెండు చేశాడు. సముద్రపు పురుగులన్నీ దాదాపుగా లేనివాటిలో పడ్డాయి. ఉన్నదాన్ని బట్టి చుట్టరికం కలపవచ్చు గానీ లేనిదాన్ని బట్టి కలపడం కష్టం. 1981లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సీవర్ట్ లోరెన్‌జెన్ ఆ గుంపును మళ్ళీ తిరగేశాడు. అండాశయం సాగి ఉందా మడత పడిందా, అది పేగుకు కుడి వైపునుందా ఎడమ వైపునుందా అన్నది ఒక్కో పురుగులో చూసి కొత్త లెక్క కట్టి పుస్తకంగా వేశాడు. కొలబద్ద లేకుండా చుట్టరికాలు కలపకూడదన్న పట్టుదల ఆ పుస్తకం నిండా ఉంది. 1998లో బ్లాక్‌స్టర్ బృందం డీఎన్ఏ చదివి, పరాన్నజీవనం జంతువుల్లో కనీసం నాలుగుసార్లు, మొక్కల మీద మూడుసార్లు విడివిడిగా పుట్టిందని చూపింది. 2002లో డీ లే, బ్లాక్‌స్టర్ కలిసి వర్గాన్ని ఎనోప్లియా, క్రోమడోరియా అనే రెండు విభాగాలుగా పేర్చారు. మన ఏలికపాము క్రోమడోరియాలో ఒక కొమ్మ మీదుంది, అదే విభాగంలోని ఇతర కొమ్మల మీద మంగినపూడి బురదలో తిరిగేవి ఉన్నాయి. క్లాసులో నేను మొదలుపెట్టే ఏలికపాము ఈ కథకు మొదలు కాదు, చివర్లో వచ్చిన ఒక మలుపు.

నా మూడో పురుగు కుటుంబమే దీనికి మంచి ఉదాహరణ. చర్మం మీద చుక్కలు, ఆంఫిడ్ చుట్టలు చూసి కోమెసోమాటిడేను చాలాకాలం క్రోమడోరిడా క్రమంలో ఉంచారు. ప్లాట్, వార్విక్ 1988లో వేసిన చేతి పుస్తకంలోనూ అక్కడే ఉంది. కానీ దాని అండాశయాలు క్రోమడోరిడాలో లాగా మడత పడవు, నిటారుగా సాగి ఉంటాయి. ఇప్పుడు దాన్ని అరియోలైమిడా క్రమంలో చూపిస్తున్నారు. పైకి కనిపించే నగిషీ ఒక మాట చెప్పింది, లోపల మడత పడని అండాశయం ఇంకో మాట చెప్పింది, రెండో మాటే నిలిచింది.

మన తీరంలో ఈ చూపు కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే జంతువుల మీద పని చేసి, 1962లో అచ్చువేశారు. బీచిలో మనం చెప్పులు విప్పి నడిచే ఇసుకే వాళ్ళకు అడవి. అటు ఢాకాలో ఫాదర్ రిచర్డ్ టిమ్ అనే అమెరికన్ క్రైస్తవ గురువు కళాశాలలో పాఠాలు చెబుతూనే బంగాళాఖాతపు నెమటోడ్ల మీద 1961లో పుస్తకమంత వ్యాసం రాశాడు. తర్వాత తుపాను బాధితుల కోసం, పేదల కోసం చేసిన సేవకు 1987లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఒకే మనిషి ఒక చేత్తో స్పిక్యూల్ వంపు గీసి, ఇంకో చేత్తో అన్నం పంచాడు. ఈ రెండింటికీ కావలసిన ఓపిక ఒకటేనని నాకు అనిపిస్తుంది.

నా మూడో పురుగు ఆడది. నాలుగోది, అయిదోది కూడా ఆడవే. స్లైడు మీద కుటుంబం పేరు వరకే రాసి, కింద చోటు ఖాళీగా వదిలాను. మొన్న ఆదివారం ఆ అమ్మాయి ఎప్పటిలాగే వచ్చి, కొత్త స్లైడు పెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా చూసింది. బయట మెట్రో రైలు చైతన్యపురి వైపు వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు సద్దుమణిగాక కన్ను లెన్సు మీద నుంచి తీయకుండానే అంది, "సార్, దీని తోక కాడ కొక్కేల లెక్క రెండున్నయ్."

నేను లేచి వెళ్ళేలోపు తను ఫోకస్ చక్రం మెల్లగా తిప్పుతూ, పొట్ట మీది బొత్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.